కడిగి బోర్లించిన డబ్బా

మా ఆయనకి ఒక ఊతపదం ఉంది. "ఏం కాదులే." కారు డ్యాష్‌బోర్డ్ మీద ఎర్ర లైటు వెలిగితే ఏం కాదులే. ఫ్లైట్‌కి టైమైపోతోందంటే ఏం కాదులే. ఇంటి కప్పు నుంచి నీళ్ళు కారుతుంటే కింద బకెట్ పెట్టి, పైకి చూసి, ఏం కాదులే. నేనేమో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో బతికే మనిషిని. ఏమవుతుందో ముందే అడిగి చూసినందుకే నాకు జీతమిస్తారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట వినపడినప్పుడల్లా అరికాలి మంట నెత్తికెక్కడం మాత్రం తగ్గలేదు.

ఈ గోల చెప్పాలంటే ముందు నా పిస్టల్ సంగతి చెప్పాలి. ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు, కాబట్టి మీరూ నవ్వేయండి, తర్వాత చెప్తాను.

అమెరికాలో వీసా మీద ఉన్న రోజుల్లో అలాంటివి ముట్టుకోవాలంటేనే భయం. సిటిజెన్‌షిప్ వచ్చిన ఏడాది ఆఫీసులో ఒకావిడ వాళ్ళ షూటింగ్ క్లబ్‌కి తీసుకెళ్ళింది. మేముండే కాపెల్ నుంచి అరగంట డ్రైవ్. రేకుల షెడ్డు, మట్టికట్టలు, దూరంగా కాగితం మీద నల్ల చుక్క. కళ్ళకి అద్దాలు, చెవులకి మూతలు పెట్టి నిలబెట్టారు. ఒక్క చెయ్యి చాచి, ఊపిరి సగంలో ఆపి, వేలు మెల్లగా వెనక్కి లాగాలి. అంతే ఆట. ఎవరినో చంపడానికి కాదు, ఇంట్లో దాచుకోవడానికీ కాదు. ఆ నల్ల చుక్క తప్ప ఆ కాసేపు లోకంలో ఇంకేం ఉండదు. మీటింగుల్లేవు, వంటల్లేవు, "అమ్మా నా చార్జర్ ఎక్కడ" లేదు. నా వయసు ఆడది ఒంటరిగా, మౌనంగా నిలబడి ఒక పని బాగా చెయ్యగలిగే చోటు అది తప్ప నాకింకోటి దొరకలేదు.

బాగానే కొట్టేదాన్ని. క్లబ్ టీమ్‌లోకి తీసుకుంటారని అందరూ అంటున్న టైమ్‌లో కుడి బొటనవేలి మొదట్లో నొప్పి మొదలైంది. కీలు అరిగిందంది డాక్టరమ్మ. చపాతీ పిండి కలిపితే నొప్పి, కీ తిప్పితే నొప్పి, ఇక పిస్టల్ వెనక్కి తన్నితే చెప్పక్కర్లేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు. రెండేళ్ళు టీమ్ ఎంపికకి వెళ్ళడం, సగంలో చేతులెత్తెయ్యడం. చివరికి డాక్టరమ్మ తేల్చి చెప్పింది. ఈ చలికాలంలో ఆపరేషన్. తర్వాత పట్టు మునుపటిలా ఉంటుందా అంటే ఆవిడే చెప్పలేనంది. అంటే నాకు మిగిలింది ఈ ఒక్క సీజన్.

టీమ్ కెప్టెన్ ఒక అమెరికన్ ముసలాయన, మాటలు తక్కువ మనిషి. నా చెయ్యి చూసి, షాపులో కొన్న తూటాలు నీకు గట్టివి, మెత్తగా తన్నేవి నువ్వే తయారు చేసుకో అన్నాడు. దాన్నే రీలోడింగ్ అంటారు. పేలిపోయిన తూటాల ఇత్తడి గుల్లలు ఏరుకొచ్చి, శుభ్రం చేసి, అడుగున నిప్పు పుట్టించే కొత్త ప్రైమర్ గుచ్చి, కొలిచి పౌడర్, అంటే మందు, పోసి, పైన సీసం గుండు కూర్చి నొక్కడం. అన్నీ ప్రెస్ అనే ఒక చేతిమిషన్ మీద. వినడానికి బొబ్బట్లు చేసినంత తేలిక.

మెత్తగా అంటే పౌడర్ తగ్గించడమే కదా అనుకున్నాను. తగ్గించి చూడండి, తెలుస్తుంది. మరీ తగ్గితే పిస్టల్ పైభాగం పూర్తిగా వెనక్కి వెళ్ళదు, ఖాళీ గుల్ల బయటికి రాక అక్కడే ఇరుక్కుంటుంది. ఇంకా తగ్గితే గుండు గొట్టం మధ్యలోనే ఆగిపోతుంది. అది చూసుకోకుండా వెనకే ఇంకోటి పేల్చామా, పిస్టల్ చేతిలోనే పగులుతుంది. ఎక్కువైనా అదే గతి. అందుకే పుస్తకంలో ఇచ్చిన కనీసపు కొలతతో మొదలుపెట్టి, వెంట్రుకవాసి మార్చుకుంటూ, ఒక్కో కొలతకి కొన్నేసి తూటాలు చేసి, క్లబ్ రేంజ్‌కి తీసుకెళ్ళి కాల్చి, గుల్లలు ఏరి అడుగున ఒత్తిడి గుర్తులున్నాయేమో చూసి, మళ్ళీ ఇంటికొచ్చి మొదలు. వంటలో ఉప్పు చాలకపోతే పైన చల్లుకుంటాం. ఇక్కడ అదేం కుదరదు.

మొదట కొన్న పౌడర్ నిదానంగా మండే రకం. గుండ్రంగా, గసగసాల్లా ఉంటుంది గింజ. దానితో నెలల తరబడి కుస్తీ పట్టాను. బలంగా పోస్తే పిస్టల్ చక్కగా పని చేస్తుంది, నా చెయ్యి పని చెయ్యదు. మెత్తగా పోస్తే నా చెయ్యి హాయిగా ఉంటుంది, పిస్టల్ అలుగుతుంది. ఒక శనివారం వరసగా గుల్లలు ఇరుక్కుంటుంటే ఏడుపొచ్చేసింది. ఎండలో, అందరి ముందూ, చెవులకి మూతలు పెట్టుకుని ఏడవడం ఎంత దరిద్రంగా ఉంటుందో నన్నడగండి. ఇంటికొస్తే మా ఆయన, "కొంచెం ఎక్కువ పొయ్యి, ఏం కాదులే" అన్నాడు. చేతిలో ఉన్న సంచీ నేలకేసి కొట్టాను.

ఇంట్లో తూటాలు చెయ్యడం ఇంకో నరకం. ఆ పని చేసేటప్పుడు ఎవరూ పలకరించకూడదు. ధ్యాస తప్పితే ఒక గుల్లలో రెండుసార్లు పౌడర్ పడొచ్చు, లేకపోతే అసలు పడకపోవచ్చు. మా గరాజ్‌లో మూల నా బెంచీ. అదే గరాజ్‌లో రెండో ఫ్రిజ్, బియ్యం మూటలు, ఇండియా నుంచి తెచ్చిన గ్రైండర్. అంటే పాలకి ఒకళ్ళు, పెరుగుకి ఒకళ్ళు, "పప్పు కుక్కర్ ఎన్ని కూతలు" అని ఒకళ్ళు. వీడియో కాల్ వస్తే ఫోన్ పట్టుకుని అక్కడికే వచ్చేసేవాడు మా ఆయన. "ఇదిగో నీ ఆడపడుచు, ఒక్కసారి హాయ్ చెప్పు." చెప్పకపోతే పొగరు. చెప్తే ఎక్కడ ఆపానో గుర్తుండదు. అప్పటిదాకా పోసినవన్నీ వెనక్కి ఒంపి మళ్ళీ మొదలుపెట్టేదాన్ని, పళ్ళు నూరుకుంటూ.

చివరికి కెప్టెన్ చెప్పిన ఇంకో రకం కొన్నాను, చురుగ్గా మండేది. గింజ చదునుగా, అటుకుల నలుసులా ఉంటుంది. పాతది దూరంగా, ఫ్రిజ్ పక్క షెల్ఫ్‌లోకి నెట్టేశాను. బెంచీ మీద ఎప్పుడూ ఒకటే పౌడర్ ఉండాలి, అది మొదటి నియమం. కొత్తదానితో మళ్ళీ కింది నుంచి మొదలు. పిస్టల్‌లో స్ప్రింగ్ కూడా పలచటిది వేయించాను. వసంతకాలం చివర్లో ఒక ఉదయం, పెట్టెడు తూటాలు కాల్చాను. ఒక్కటీ ఇరుక్కోలేదు. గుల్లలన్నీ పక్కన మట్టిలో ఒకే చోట కుప్పగా పడ్డాయి. బొటనవేలు నొప్పి పెట్టలేదు. కాగితం మీద చిల్లులన్నీ నల్లచుక్కలోనే. కెప్టెన్ దుర్భిణిలోంచి చూసి, "దేర్ యూ గో" అన్నాడు. అబ్బ, ఎంత సంతోషమేసిందో! ఇంటికి వస్తూ కారులో గట్టిగా పాడుకున్నాను కూడా.

ఎంపిక పోటీ ఒక శనివారం పెట్టారు. దానిలో పాసైతే టీమ్‌లో చోటు, ఆ తర్వాత చలికాలంలో చెయ్యి ఏమైనా కానీ.

ఈ లోపు మా అత్తగారు వచ్చారు. ఆవిడతో నాకేం పేచీ లేదు, ముందే చెప్తున్నాను. మంచి మనిషి. కాకపోతే చేతులు ఊరికే ఉండవు. ఇక్కడ మేం పారేసే ప్రతి సీసా, ప్రతి ప్లాస్టిక్ డబ్బా ఆవిడకి బంగారం. పచ్చడి సీసాలు, కాఫీ డబ్బాలు, బాదం పప్పు డబ్బాలు, అన్నీ వేడినీళ్ళలో నానబెట్టి, లేబుల్ గోటితో గీకి, కడిగి బోర్లించేస్తారు. రెండు డబ్బాల్లో అడుగున కొంచెం కొంచెం ఏదైనా కనపడితే ఆవిడకి నిద్రపట్టదు. రెండు కందిపప్పులూ ఒక దాంట్లో పోసేస్తారు, రెండు మినపప్పులూ ఒక దాంట్లో. ఒక డబ్బా ఖాళీ అవుతుంది కదా! నేనూ పుట్టింట్లో అలాగే పెరిగాను, తప్పేం లేదు. నా వంటింట్లో రెండో వారానికే ఏ డబ్బాలో ఏముందో మూత తీస్తే గానీ తెలియకుండా అయింది, సరే, నవ్వుకున్నాను.

పోటీ వారంలో బుధవారం దాకా సాయంత్రాలు కూర్చుని తూటాలు చేశాను. ఆ రోజుల్లో అందరినీ గరాజ్ తలుపు దగ్గరే ఆపాను, ఫోన్ ఇంట్లోనే పడేశాను. కొలతపాత్రలో మిగిలిన పౌడర్ మళ్ళీ డబ్బాలోకి ఒంపేసి మూత పెట్టాను. గురువారం మధ్యాహ్నం చేతికి థెరపీ, దానికి వెళ్ళొచ్చాను.

శుక్రవారం ఆఫీసు నుంచి పెందలాడే వచ్చి కాఫీ పెట్టుకుందామని సింక్ దగ్గరికి వెళితే, గ్లాసుల పక్కన నల్లటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి బోర్లించి ఉంది. పెద్ద నోరు, గట్టి మూత. లేబుల్ నున్నగా గీకేసి ఉంది. నా పాత పౌడర్ డబ్బా అది.

గరాజ్‌లోకి పరిగెత్తాను. ఫ్రిజ్ పక్క షెల్ఫ్ ఖాళీ. నా బెంచీ కిందున్న కొత్త పౌడర్ డబ్బా ఎత్తితే ఉండాల్సినదానికంటే బరువుగా ఉంది. డబ్బా నల్లది, పైనుంచి చూస్తే లోపల ఎంతుందో తెలియదు. చిటికెడు తెల్లకాగితం మీద పోసి భూతద్దం పెట్టి చూశాను. అటుకుల నలుసుల మధ్య గసగసాలు.

"అత్తయ్యా!" అని ఎంత గట్టిగా అరిచానంటే పక్కింటి కుక్క మొరిగింది.

ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చారు. వెనకే మా ఆయన.

"ఆ డబ్బా మీరు కడిగారా?"

"అవునమ్మా. కరివేపాకు పొడికి బాగుంటుందనీ. రెండూ ఒకే పొడి కదా, దాంట్లో పోసేశాను. చుక్క కూడా కింద పడలేదు," అన్నారు ఆవిడ, మెచ్చుకుంటాననుకుని.

"ఒకే పొడి కాదు! ఎప్పుడు పోశారు? ఏ రోజు?"

నా గొంతు విని ఆవిడ మొహం మారిపోయింది. కొడుకు వంక చూశారు. "మొన్నెప్పుడో..."

"మొన్నంటే? సోమవారమా? మంగళవారమా? నేను కూర్చుని చేస్తున్న రోజుల్లోనా, తర్వాతా?"

"అమ్మకి ఇక్కడ రోజులేం గుర్తుంటాయి, వదిలెయ్," అన్నాడు మా ఆయన. "ఆ పెట్టెలోవి బాగానే ఉంటాయి. తీసుకెళ్ళి కొట్టేయ్. ఏం కాదులే."

"మీకేం తెలుసు?"

"ఏం కాదంటున్నాగా."

ఒళ్ళు మండిపోయింది. నేనడుగుతున్నది ఒక్కటే ప్రశ్న. కలిపింది ముందా, తర్వాతా? తర్వాతైతే నా పెట్టెలో తూటాలు బంగారం. ముందైతే ఏ తూటాలో ఏది ఎంత పడిందో దేవుడికే తెలియాలి. నిదానపు రకం ఎక్కువ పడిన చోట గుండు గొట్టంలోనే ఆగిపోవచ్చు. చత్వారం కళ్ళతో నేను పౌడర్ మట్టం చూస్తాను గానీ గింజ గింజా ఏరి చూడను కదా! అత్తగారు కళ్ళు దించుకుని, కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడ్డారు. ఇంకోసారి అడిగితే ఏడ్చేలా ఉన్నారు. అడగలేదు.

తూటాలు విప్పే సుత్తి ఒకటుంటుంది, ప్లాస్టిక్‌ది. దాని తలలో తూటా బిగించి గచ్చుకేసి కొడితే గుండు, పౌడర్ ఊడి లోపల పడతాయి. పెట్టెలోంచి అక్కడొకటి ఇక్కడొకటి తీసి విప్పాను. అన్నీ శుభ్రంగానే ఉన్నాయి, అటుకులే.

"చూశావా?" అన్నాడు మా ఆయన. "అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి కుండంతా పిసుకుతావా? ఒక్క మెతుకు చాలదూ?"

"కుండలో అన్నానికి ఒకటే ఎసరు. ఇక్కడ ప్రతి తూటా వేరే కుండ. విప్పింది బాగుందంటే అది ఒక్కటే బాగుందని. అన్నీ విప్పితే రేపు కాల్చడానికేం ఉండదు. కొత్తగా చేద్దామంటే పౌడరంతా పాడు చేసి పెట్టారు, ఇప్పుడు ఆర్డర్ పెడితే వారానికి గానీ రాదు."

"ఊరికే కంగారు పడతావు. ఏం కాదులే, నే చెప్తున్నాగా."

ఆ మనిషి ఆ రోజు ఆ మాట ఎన్నిసార్లన్నాడో! ప్రతిసారీ అదే తీరు, అదే గొంతు. కారు లైటుకి వాడిన గొంతే. ఇంటి కప్పుకి వాడిన గొంతే.

కెప్టెన్‌కి ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను. ఆ తూటాలు పేలుస్తుంటే నువ్వు నా పక్క లైన్‌లో నిలబడతావా అని అడిగాను. నిలబడనన్నాడు. మరి నీవి కొన్ని ఇస్తావా అంటే, నేను చేసినవి నా పిస్టల్‌కే, ఇంకొకరికి ఇవ్వను, ఇంకొకరు చేసినవి నువ్వూ కాల్చకు అన్నాడు. ముసలాయన మీద కోపం రాలేదు. అక్కడ "ఏం కాదులే" అననివాడు అతనొక్కడే.

శనివారం షాపు తూటాలు కొనుక్కుని వెళ్ళాను. చేతికి పట్టీ కట్టాను, మాత్ర వేసుకున్నాను. మొదటి విడత బాగానే కొట్టాను, చాలా బాగా కొట్టాను అసలు. రెండో విడతలో ప్రతి దెబ్బా బొటనవేలి మొదట్లోంచి మోచేతిదాకా పాకింది. దెబ్బ తగులుతుందని చేతికి ముందే తెలిసిపోయి, వేలు లాగకముందే బిగుసుకుంటోంది. అలా బిగుసుకుంటే గుండు కాగితం అంచుకే పోతుంది, పోయింది. మూడో విడతకి పిస్టల్ ఎత్తితే ముక్కు కిందికి వాలిపోతోంది. వేళ్ళు మూసుకోవడం లేదు. పిస్టల్ ఖాళీ చేసి, బల్ల మీద పెట్టి, వెనక్కి అడుగేశాను. కెప్టెన్ నా వంక చూసి తల ఊపాడు. అంతే. ఈ సీజన్ అయిపోయింది. నా సీజన్లే అయిపోయాయేమో, చలికాలం గడిస్తే తెలుస్తుంది.

ఇంటికి వచ్చాక మా ఆయన, "పోనీలే, ఆరోగ్యం కంటేనా," అన్నాడు. నేను వెళ్ళి దుప్పటి కప్పుకున్నాను.

ఆదివారం పొద్దున, కలిసిపోయిన పౌడరంతా పెరట్లో గడ్డి మీద పలచగా చల్లేసి, నీళ్ళు కొట్టి, గరాజ్‌లో కింద పీట వేసుకుని కూర్చున్నాను. పెట్టెలో తూటాలు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాను. అనుమానమున్న తూటా ఇంట్లో ఉంచకూడదు. ఎడమచేత్తో సుత్తి. ఠంగ్. మూత తిప్పు, కాగితం మీద ఒంపు, భూతద్దం. అటుకులు. ఠంగ్. అటుకులు. మొదటి వరస అయింది, రెండో వరస అయింది. ఒక్క గసగసం ఉంటే బాగుండునని నిజంగా కోరుకున్నాను. ఒక్కటి కనపడితే చాలు, నేను పోగొట్టుకున్నదానికి ఒక అర్థం ఉంటుంది.

చప్పుడుకి అత్తగారు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. రెండు రోజులుగా నాతో మాట్లాడ్డానికి భయపడుతున్నారు పాపం. మెల్లగా వచ్చి బియ్యం మూట మీద కూర్చున్నారు.

"ఏం చేస్తున్నావమ్మా?"

"మీరు కలిపింది వీటిలో పడిందేమోనని చూస్తున్నానత్తయ్యా."

"వీటిలో ఎట్లా పడుతుంది? ఇవి నువ్వు అప్పటికే చేసి పెట్టేశావుగా."

సుత్తి ఆపాను.

"నువ్వు చెయ్యి చూపించుకోడానికి వెళ్ళావు చూడు, ఆ మధ్యాహ్నం కదూ మేం పోసింది. ఈ పెట్టె ఇక్కడే ఉంది, మూతేసి. అబ్బాయే పక్కకి జరిపాడు."

"మేం అంటే?"

"నేనూ, అబ్బాయీ. ఇంట్లోంచే పనన్నాడుగా ఆ రోజు. నేను పోస్తుంటే వాడే గరాటు పట్టుకున్నాడు. నిదానంగా పొయ్యమ్మా, ఒలికితే అది అరుస్తుంది అన్నాడు కూడా." ఆవిడ నా మొహం చూసి ఆగారు. "వాడు నీకు చెప్పలేదూ?"

నేను గురువారం థెరపీకి వెళ్ళాను. బుధవారంతో తూటాలు అయిపోయాయి. పెట్టెలోవన్నీ, ఒక్కటి కూడా మినహాయింపు లేకుండా, బంగారం. నేను ఎడమచేత్తో పగలగొడుతున్న ప్రతి ఒక్కటీ నల్లచుక్కలోకి వెళ్ళాల్సింది. కొండను తవ్వి ఎలుకను కూడా పట్టలేదు.

అదే సమయానికి పాలకోసం ఫ్రిజ్ దగ్గరికి వచ్చాడు మా ఆయన.

"మీరు గరాటు పట్టుకున్నారట," అన్నాను.

పాల క్యాన్ చేతిలో పట్టుకుని తల్లి వంక చూశాడు, నా వంక చూశాడు.

"గురువారమని మీకు తెలుసు. శుక్రవారం నేను గొంతు చించుకుని అడుగుతుంటే ఎదురుగా నిలబడ్డారు."

"చెప్పాగా నేను!" అన్నాడు, నిజంగానే నొచ్చుకుని. "ఏం కాదని ఎన్నిసార్లు చెప్పాను? నువ్వు వింటేగా. తీసుకెళ్ళి కొట్టమని కూడా చెప్పాను."

నిజమే. చెప్పాడు. అబద్ధమాడలేదు ఆ మనిషి. తెలిసే చెప్పాడు. జన్మలో మొదటిసారి, కారణం చేతిలో పెట్టుకుని మరీ చెప్పాడు. రోజూ పులి లేదు పులి లేదు అంటూ తిరిగేవాడు, నిజంగా లేని రోజున వచ్చి లేదంటే ఎవరు నమ్ముతారు?

"ఎందుకు కాదో ఒక్క ముక్క చెప్పొచ్చుగా! గురువారం పోశాం అని. రెండే మాటలు నోట్లోంచి రాలేదా?"

"అప్పటికే అమ్మ మీద అంతెత్తున లేచావు. నేను కూడా ఉన్నానంటే ఇద్దర్నీ కలిపి... ఎందుకులే గొడవని." పాల క్యాన్ చేతులు మార్చుకుని, "ఎలాగూ బాగానే ఉన్నాయిగా, కొట్టేస్తావు, అయిపోతుందనుకున్నా. నువ్వు అంత పట్టుగా షాపువి తీసుకెళ్తావని నేనేం కలగన్నానా?"

పాము చావకూడదు, కర్ర విరగకూడదు. నా చెయ్యి విరిగినా ఫర్వాలేదు. అత్తగారు లేచి, "ఒరేయ్, చెప్పాల్సిందిరా," అని మెల్లగా అని, నా భుజం మీద చెయ్యి వేసి, లోపలికి వెళ్ళిపోయారు. ఆవిడ మీద అరిచిన అరుపులన్నీ నా చెవుల్లో మళ్ళీ మోగాయి. వాటికి సొంతదారు ఎదురుగా పాలక్యాన్‌తో నిలబడి ఉన్నాడు. 

సుత్తి అతని వైపు చాచాను. "మిగతావి మీరు విప్పండి."

"బాగున్నాయని తెలిసింది కదా, ఇంకా పగలగొట్టడమెందుకు? దాచుకో, చెయ్యి బాగయ్యాక పనికొస్తాయి."

"నాకు తెలియలేదు. మీకు తెలిసింది."

"అమ్మ కూడా చెప్పిందిగా!"

"సరే." పట్టీ కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అతని మొహంలోకి చూశాను. "పెట్టెలో ఇంకా రెండు వరసలున్నాయి. అవి పిస్టల్‌లో వేసి నా చేత్తోనే కాలుస్తాను. ఏమీ కాదా?"

నోరు తెరిచాడు. ఆ మాట పెదవి దాకా వచ్చింది, నాకు కనపడింది. "ఏం..." అన్నాడు. ఆగిపోయాడు.

పాల క్యాన్ ఫ్రిజ్ మీద పెట్టి, వచ్చి నా ఎదురుగా నేల మీద చతికిలబడి, సుత్తి తీసుకున్నాడు.